ఫ్రెషర్‌కు అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

‘ఫ్రెషర్లు కావాలి, రెండేళ్ల అనుభవం తప్పనిసరి’ అనే ప్రకటనలు చూసి నవ్వుకోవడం మామూలైపోయింది. నవ్వు పక్కన పెడితే, కంపెనీ అందులో చెబుతున్నది ఒక్కటే: నేర్పే ఖర్చు మేం పెట్టుకోం, ఇంకెవరైనా నేర్పి పంపండి. ఆ ఇంకెవరో యూనివర్సిటీయే అని వేరే చెప్పక్కర్లేదు.

యూనివర్సిటీల తప్పు లేదని కాదు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి చదువుకునే రోజుల్లో రాసే ప్రోగ్రాములు చాలావరకు చిన్నవి, మార్కులు పడ్డాక మళ్లీ తెరవనివి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే, ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన వేల లైన్ల కోడ్ ముందు పెట్టి బగ్ ఎక్కడుందో చూడమంటారు. ఇతరులు రాసింది చదవడం, అర్థం కాకపోతే అడగడం, తన పనిలో తప్పు పట్టుకుంటే ఉడుక్కోకపోవడం... వీటికి సిలబస్‌లో చోటేది? పోయినేడు బ్యాచ్ చేసిన ప్రాజెక్టును ఈ బ్యాచ్‌తో బాగు చేయించినా కొంత అలవాటవుతుంది. దానికి కొత్త ల్యాబ్ కూడా అక్కర్లేదు.

అలాగని ఒక్కో కంపెనీ వాడే టూల్ కూడా కాలేజీయే నేర్పాలంటే కుదరదు. సిలబస్ మారి, ఆ బ్యాచ్ బయటికొచ్చేసరికి టూలే మారిపోవచ్చు.

కంపెనీల అసలు భయం వేరు. నేర్పించాక పక్కవాళ్లు ఎగరేసుకుపోతే? ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యానికి యజమాని డబ్బు పెట్టడని, ఆ భారం తక్కువ జీతం రూపంలో ఉద్యోగి మీదే పడుతుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే వివరించారు. బ్రిటన్ ఈ చిక్కుకు ఒక విరుగుడు వెతికింది. ఏటా జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన యజమానులు, దాటిన మేరకు 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ, అంటే కొత్తవాళ్లకు పని నేర్పే ఖర్చు కోసం వసూలు చేసే పన్ను, కట్టాలని 2017లో నిబంధన తెచ్చింది. నేర్పినా నేర్పకపోయినా కట్టాల్సిందే. అంతకంటే చాలా ముందే, 1906లో, అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ ఇంజినీరింగ్ విద్యార్థులను ఒక వారం క్లాసుకు, ఒక వారం ఫ్యాక్టరీకి వంతులవారీగా పంపించారు. విద్యార్థికి పని, జీతం రెండూ దొరికాయి.

ఇప్పటి ఇంటర్న్‌షిప్‌లు చాలావాటిలో దొరికేది సర్టిఫికెట్టే. డబ్బు కంటే ముందు అక్కడ కరువయ్యేది సీనియర్ సమయం. కొత్తవాడి పక్కన కూర్చుని అరపూట వివరించిన సీనియర్‌కు ఆ రోజు టార్గెట్ తగ్గదు. ఆయన అప్రైజల్ ఫారంలో ఆ అరపూటకు గడే ఉండదు.