పాల పుస్తకం ఎవరి పేరున?

(నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. వదిన పొదుపు సంఘం నాయకురాలు, ఇప్పుడే కేంద్రంలో పాలు పోసి వచ్చింది. సెలవులకు పుట్టింటికొచ్చిన ఆడపడుచు హైదరాబాదులో డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతుంది. నా మొగ్గు వదిన వైపే, దాచను. అయినా ఆడపడుచు అడిగినవాటిని దాటేయడం నా వల్ల కాలేదు.)

ఆడపడుచు: వదినా, ఈ గేదె అప్పు నీ పేరున తెచ్చిందేగా?

వదిన: నా పేరునే. సంఘం తీర్మానం రాస్తే బ్యాంకు ఇచ్చింది. మీ అమ్మ కాలంలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలన్నా మగాడు వెంట ఉండాల్సిందే.

ఆడపడుచు: సరే. గడ్డి కోసేది నువ్వు, పేడ ఎత్తేది నువ్వు, పాలు పిండేది నువ్వు. కేంద్రంలో పోసిన పాలకూ డబ్బుకూ లెక్క రాసే పాల పుస్తకం ఎవరి పేరున ఉంది?

వదిన: (కాస్త ఆగి) మీ అన్న పేరున. అయితే ఏంటమ్మా, డబ్బులు ఇంట్లోకేగా వచ్చేది?

ఆడపడుచు: నా గొడవంతా అక్కడే. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో అని ఆర్థికవేత్తలు, వాళ్లు పరిశోధనకు హైదరాబాదులో 104 బస్తీలు తీసుకున్నారు. చీటీ తీసినట్టు ఎంచిన 52 చోట్ల ఒక సూక్ష్మరుణ సంస్థ, అంటే చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీ, ముందుగా ఆడవాళ్లకు అప్పులిచ్చింది. మిగతా బస్తీలతో పోల్చి చూసి 2015లో అచ్చు వేశారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కొంత పెంచుకున్నారు. ఇంట్లో ఆడదాని మాటకు విలువ పెరిగిందా అంటే, పెరిగినట్టు కనబడలేదు.

వదిన: అది కంపెనీ అప్పు, మాది సంఘం. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్లకు ఎవరూ అప్పివ్వలేదు. రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దుకుంటూ ఒకచోట చేరారు, అంతే. మరుసటి ఏడు అక్టోబరుకు రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ కూడిక మీదే మన జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు లేచింది. ముందు మనుషులు, తర్వాతే డబ్బు.

ఆడపడుచు: దూబగుంట అంటే చేతులెత్తి మొక్కుతాను. మరి అదే రాష్ట్రంలో 2010లో ఏమైంది? ఆ సూక్ష్మరుణ కంపెనీల అప్పులకు వారం వారం కంతు. ఒకామె కట్టలేకపోతే గుంపంతా పోయి ఆమె గుమ్మంలో కూర్చోవడం. పురుగుమందు తాగి చచ్చిపోయారు వదినా! అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక గానీ ఆ వసూళ్లు ఆగలేదు. నువ్వు చెప్పే కూడికనే అక్కడ గొంతుకు బిగించారు.

వదిన: (చాలాసేపు మాట్లాడదు) మేమూ ఒకసారి కూర్చున్నాం. చేపలమ్మే ఆమె గుమ్మంలో. లోపల్నుంచి ఆమె బిడ్డ తలుపు చాటున నిలబడి మమ్మల్ని చూసింది. ఆ చూపు నన్నింకా వదల్లేదు. ఆ నెలే పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం: ఎవరి గుమ్మం ముందూ కూర్చోకూడదు, కట్టలేని కంతు సంఘం పొదుపులోంచి సర్దాలి, వాళ్లు నిలదొక్కుకున్నాక తిరిగి వేయాలి. ఈ మాట ఏ బ్యాంకూ మాకు నేర్పలేదు.

ఆడపడుచు: నువ్వు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

వదిన: ఎలా చెప్పను?

ఆడపడుచు: ఇంకొకటి అడగనా? మన వీధిలోనే ఆరు కుట్టుమిషన్లున్నాయి. అన్నీ అప్పు మీద తెచ్చినవే. ఇన్ని జాకెట్లు కుట్టించుకునేదెవరు?

వదిన: అది నిజమే. ఒకరి కూలి ఒకరు తగ్గించుకుంటున్నారు. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు మొదలుపెట్టారే, లిజ్జత్ వాళ్లు, వాళ్లలా చేయాలి. ఎవరింట్లో వాళ్లు ఒత్తినా ఒకే పేరుతో అమ్మారు.

ఆడపడుచు: ఆ పేరు వాళ్లది, ఆ లాభం వాళ్లది. ఇక్కడ నీ పాలలో వెన్న ఎంతుందో చెప్పేది ఎవరు? ధర కట్టేది ఎవరు? చివరికి ఆ డబ్బు తీసుకునేది?

వదిన: (చూరులోంచి పాల పుస్తకం తీసి) శుక్రవారం మీటింగు ఉంది. గేదె పని చేసేవాళ్ల పేరుకే పుస్తకం మార్చాలని అర్జీ రాసిపెట్టు.

ఆడపడుచు: నీ ఒక్కదానిదేనా?

వదిన: గేదెలున్నవాళ్లం ఏడుగురం. అందరివీ. మీ అన్నతో నేను మాట్లాడుకుంటా, నువ్వు మధ్యలోకి రావద్దు.

ఆడపడుచు: అన్న ఒప్పుకోకపోతే?

వదిన: ఆయన సంతకానికి చోటు వదలకుండా రాయి.