పద్దెనిమిది నిండితే చాలునా?

“సంరక్షణ గృహాల్లో పెరిగిన పిల్లలు చిన్ననాడే తమ కాళ్లపై నిలబడడం నేర్చుకుంటారు, 18 ఏళ్లు నిండాక కూడా ప్రభుత్వం పోషిస్తే సోమరులవుతారు” అన్న వాదన వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. ఇందులో ఏ ఒక్క మాటా పరిశీలనకు నిలవదు.

మొదటిది, కాళ్లపై నిలబడడం. గంట కొడితే లేచి, గంట కొడితే తిని, ఇచ్చిన బట్టలు కట్టుకుని పదేళ్లు గడిపిన పిల్లవాడికి క్రమశిక్షణ అలవడవచ్చు గాని, కూరగాయల బేరం, బ్యాంకు లావాదేవీ, అద్దె ఇంటి అడ్వాన్సు, జీతంలో నెలాఖరుకు ఎంత మిగుల్చుకోవాలన్న లెక్క ఎక్కడ అలవడతాయి? ఇంట్లో పెరిగినవారు వీటిని అమ్మ వెంట సంతకు వెళ్లి, నాన్న పక్కన నిలబడి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు. ఉద్యోగం పోతే తిరిగి వెళ్లడానికి వారికి ఒక గడప ఉంటుంది. గృహం విడిచిన యువతికి దరఖాస్తులో ‘శాశ్వత చిరునామా’ అన్న గడి దగ్గరే కలం ఆగిపోతుంది.

రెండవది, సోమరితనం. మన మధ్యతరగతి ఇళ్లలో ఇంజినీరింగ్ ముగిసేదాకా, ఆపై కోచింగ్ పేరిట మరి కొన్నేళ్లు తల్లిదండ్రులే పోషిస్తారు. దానిని మనం బాధ్యత అంటాం. అదే బాధ్యతను ప్రభుత్వం వహిస్తే సోమరితనం ఎలా అవుతుంది? అమెరికాలో ఫోస్టర్ సంరక్షణలో, అంటే ప్రధానంగా ప్రభుత్వం అప్పగించిన వేరే కుటుంబాల్లో, పెరిగినవారిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, 21 ఏళ్ల వరకు సంరక్షణ కొనసాగించిన ఇల్లినాయ్ రాష్ట్ర యువత, 18కే ముగించిన అయోవా, విస్కాన్సిన్ యువత కంటే ఎక్కువగా కళాశాల చదువుకు వెళ్లినట్టు గుర్తించారు.

ఇక ప్రభుత్వ పోషణ. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్, సంస్థను విడిచే వారికి ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుందే తప్ప ‘ఇవ్వాలి’ అనదు. పైగా సంస్థల్లో కాక ఫోస్టర్ కుటుంబాల్లో పెరిగినవారి ఊసే ఆ సెక్షన్‌లో లేదు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం అనంతర సంరక్షణకు, అంటే గృహం విడిచాక అందే సాయం కింద, దక్కేది నెలకు 4,000 రూపాయలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్ గది, భోజనం, బస్సు ఖర్చులు ఆ సొమ్ముతో గడుస్తాయని చెప్పేవారు ఒక్క నెల లెక్క రాసి చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనాథ పిల్లలను బీసీ-ఏలో చేర్చడం మంచి పనే. కానీ పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి ఉండాలన్నది అందులోని షరతు. పదకొండో ఏట కోల్పోయిన బిడ్డకు ఆ తలుపు కూడా మూసే ఉంటుంది.