అందని కాథెటర్ గారికి

మహారాజశ్రీ కాథెటర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మేమిక్కడ డాలస్‌లో క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఆ ‘అక్కడ’ ఎక్కడో తెలియకనే కవరు మీద చిరునామా రాయలేదు.

నిన్న అమ్మకు మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కాగితం వచ్చింది. ‘ఇది బిల్లు కాదు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుందే, అదే. అమ్మ భూతద్దం పెట్టుకుని ఒక్కో వరుసా చదువుతూ, మూత్రం బయటికి తీసే గొట్టాలైన మీ దగ్గర ఆగింది. నెలకు 200 చొప్పున మూడు నెలలకు 600 మంది మా ఇంటికి విచ్చేశారట. అమ్మకున్నవి బీపీ, మోకాళ్ల నొప్పులు. మీతో ఆమెకు పని పడలేదు. “ఏరా, నాకు చెప్పకుండా గరాజ్‌లో ఏమైనా పెట్టావా?” అని నన్నే అనుమానించింది. వెళ్లి చూశాను. రెండు ఆవకాయ జాడీలు, పాత సూట్‌కేసులు ఉన్నాయి.

మిమ్మల్ని ‘పంపినట్టు’ మెడికేర్‌కు క్లెయిము పెట్టిన దుకాణానికి మధ్యాహ్నమంతా ఫోను చేశాను. సంగీతం బాగుంది. మనిషి లేడు.

నెలకు 200 అనేది మెడికేర్ మామూలుగా ఒప్పుకునే గరిష్ఠ పరిమితి అట. అంటే ఆ దుకాణం మహానుభావుడు గీత దాటలేదు, దాని మీదే పీట వేసుకుని కూర్చున్నాడు. ఏటా దాదాపు 50,000 మందికి అవసరమయ్యే మీరు 2023లో 4,50,000 మందికి పైగా మెడికేర్ సభ్యుల ఖాతాల్లోకి ఎక్కారు. ఒక్క ఏడాదిలో అంతమందికి మూత్రం ఆగిపోతే ఊరూరా గగ్గోలు పుట్టదా? 2025 జూన్‌లో ప్రభుత్వం బయటపెట్టిన ఒక దొంగ క్లెయిముల ముఠా పది లక్షల మందికి పైగా అమెరికన్ల వివరాలు దొంగిలించి 1,060 కోట్ల డాలర్లకు క్లెయిములు పెట్టింది. కొందరు ఎస్టోనియాలో దొరికారు. మీరు మాత్రం ఎక్కడా దొరకలేదు.

సరే, అదీ దిగమింగుతాను. వాకర్ సంగతి మాత్రం దిగమింగలేను.

పోయిన ఏడాది అమ్మకు నిజంగానే వాకర్ కావలసి వచ్చింది. డాక్టరు చీటీలో ఒక్క తేదీ లేదని దుకాణం తిప్పి పంపింది. ఫ్యాక్స్ చేయమన్నారు. చేశాం. అందలేదన్నారు. మళ్లీ చేశాం, సంతకం మసకగా ఉందన్నారు. ఆరు వారాలు! అన్నాళ్లూ అమ్మ పక్కింటి ముసలాయన వాకర్ పట్టుకుని నడిచింది. దాని కాళ్లకు తొడిగిన టెన్నిస్ బంతులు ఒకవైపు అరిగి, అడుగు వేసినప్పుడల్లా కీచుమనేవి. సక్రమంగా నింపిన క్లెయిముకు 30 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం ఉంది. దొంగ నింపినంత సక్రమంగా మనం నింపగలమా? వాడికి తేదీ మరిచిపోవడమంటూ ఉండదు, సంతకం మసకబారదు. 2025లో నెలకు 185 డాలర్ల ప్రీమియం కట్టిన మనిషి వసారా దాకా నడవడానికి ఫ్యాక్సుల కోసం ఎదురుచూసింది. నువ్వు మాత్రం రాకుండానే 600 సార్లు వచ్చావు! సిగ్గుందా నీకు?

క్షమించండి, ఏకవచనం దొర్లింది. నిజానికి తప్పు మీది కాదు. మీ అవసరం నిజంగా ఉన్నవాళ్లకు మీరు ఎంత ఊరటో మా మామయ్యను చూసి తెలుసుకున్నాను. మీ పేరు చెడగొట్టినవాళ్లు వేరు.

ఫిర్యాదు చేశాను. అమ్మకు కొత్త నంబరుతో కార్డు వస్తుందట. ఆమె మిమ్మల్ని అడగమన్నది ఒక్కటే. మీరు ఎలాగూ రారు కనుక, మీకు బదులుగా పక్కింటాయన వాకర్‌కు రెండు కొత్త టెన్నిస్ బంతులు పంపించగలరా?

ఇట్లు,
600 గొట్టాల యజమానురాలి కుమారుడు