టిల్ట్ పడలేదు కదా, మరి మోసం ఎక్కడ?

ఇక్కడ అమెరికాలో మొన్న మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో పిన్‌బాల్ పోటీ (స్ప్రింగ్‌తో వదిలిన ఉక్కు బంతిని కిందికి జారిపోకుండా ఆడే మిషన్ ఆట) దగ్గర జరిగింది మీలో చాలామంది చూశారు, చూడనివాళ్ళకి వాట్సాప్ గ్రూపు చూపించేసింది. నేను ఆ రోజు ఫుడ్ కమిటీ. పులిహోర ట్రే రెండు చేతులతో పట్టుకుని కెఫెటీరియా తలుపు భుజంతో తోసుకుంటూ లాబీలోకి వస్తుంటే మైకులో వినపడింది, "పిన్‌బాల్ ఫస్ట్ ప్లేస్ క్యాన్సిల్ అండీ, ఆంటీగారు మిషన్ ఊపి ఆడారు, సో సెకండ్ వచ్చినవాళ్ళకి ఇస్తున్నాం" అని. చుట్టూ నవ్వులు. ఆ ఆంటీగారు మా అత్తగారు.

ఆవిడకి అరవై మూడేళ్ళు. తెనాలి నుంచి పిల్లని చూసుకోవడానికి వచ్చారు, ఆరు నెలల వీసా మనిషి. మైకులో తన గురించే చెప్తున్నారని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది ఆవిడకి. అర్థమయ్యాక పమిట భుజం మీదకి లాక్కుని పక్కకి జరిగి మిషన్ అద్దం మీద తన వేలిముద్రలు పడ్డచోట కొంగుతో తుడిచి వచ్చేశారు. ఎవరినీ ఏమీ అనలేదు. కార్లో మాత్రం అడిగారు, "నేను తోసిన మాట నిజమే బాబూ, కానీ తోయకూడదని మీరెప్పుడూ చెప్పలేదు కదా?"

చెప్పలేదు, ఎందుకంటే తొయ్యమని నేర్పించిందే నేను. మా బేస్‌మెంట్‌లో 1990ల నాటి విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ మిషన్ ఒకటి ఉంది, ఏళ్ళ క్రితం ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మితే కొన్నాను, దాని సగం వయసు నేను సోల్డరింగ్ చేస్తూనే గడిపాను. ఈవిడ నవంబర్‌లో చలికి బయటికి వెళ్ళలేక, మనవరాలు స్కూలుకి వెళ్ళాక టీవీ సీరియల్ మొదలయ్యేదాకా తోచక, ఒకరోజు కిందికి దిగి "ఇదేంటి మన మేకుల బోర్డులా ఉందే" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అది నిజం. మన చిన్నప్పుడు స్ప్రింగ్ లాగి వదిలితే గోళీ మేకుల మధ్య తగులుకుంటూ దిగి నంబర్లున్న గుంటల్లో పడే చెక్క బోర్డు ఉండేది గుర్తుందా, కొంతమంది బాగటెల్ అనేవాళ్ళు, పిన్‌బాల్ పుట్టింది సరిగ్గా అందులోంచే, అమెరికాలో 1871లో రెడ్‌గ్రేవ్ అనే ఆయన ఆ బాగటెల్‌కి స్ప్రింగ్ తగిలించే పేటెంట్ తీసుకున్నాడు. ఇక ఆ బోర్డు మూల ఎత్తకుండా, కింద మోకాలితో ఒక్క తట్టు తట్టకుండా ఆడిన పిల్లవాడు మన ఆంధ్రాలో పుట్టాడా అని నా అనుమానం.

సరే అసలు విషయానికొస్తా. మిషన్‌ని తోయడం, దాన్నే నడ్జ్ అంటారు, పిన్‌బాల్‌లో దొంగతనం కాదు. ఆటలో సగం అదే. ఇది నేను మా అత్తగారి కోసం కనిపెట్టిన వాదన కాదు. బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, మన షికాగో కంపెనీ గాట్లీబ్ వాళ్ళ హంప్టీ డంప్టీ అనే మిషన్‌తో. అంతకు ముందు, 1931-32 నాటి బాలీహూ, బాఫిల్ బాల్ లాంటి మిషన్లు ఆడినవాళ్ళ చేతిలో ఉన్నది స్ప్రింగూ, మిషన్‌ని తోసే రెండు అరచేతులూ, అంతే. అంటే ఫ్లిప్పర్ బటన్ కంటే తోయడమే పాతది. పైగా తోసినా మనం బంతిని కదపట్లేదు. అది 80 గ్రాముల ఉక్కు గుండు, ఆరున్నర డిగ్రీల వాలు మీద దాని దారిన అది దొర్లుతుంది. మనం తోస్తే కదిలేది వంద కేజీలు దాటిన పెట్టె, అది కూడా కాళ్ళు పాతుకుపోయి ఒక గింజంత. ఆ గింజంతలో బంతికి తగలబోయే రబ్బరు బంతి వైపు వస్తుంది, బంతి ఇంకో కోణంలో లేస్తుంది. పక్క కాలువలోకి, అదే అవుట్‌లేన్‌లోకి, జారబోయే బంతి అంచు మీద ఊగిసలాడే అర సెకను ఉంటుంది చూడండి, అప్పుడు తెలియాలి ఎటు తోయాలో. ముందే తోస్తే దండగ, ఆలస్యమైతే బంతి పోతుంది. మా అత్తగారికి ఇది నాకంటే త్వరగా వచ్చింది. బొబ్బట్టు పెనం మీద తిప్పేవాళ్ళ మణికట్టు, మనం కీబోర్డు మీద కొట్టుకునే వేళ్ళు, తేడా ఉంటుంది మరి.

ఎంత తోయాలో హద్దు లేదా అంటే, ఉంది, దాన్ని పెట్టింది మిషన్ తయారుచేసినవాళ్ళే. 1930ల మొదట్లో హ్యారీ విలియమ్స్ అనే ఆయన తన మిషన్‌ని జనం అడుగున అరచేత్తో బాది పాయింట్లు కొట్టేస్తున్నారని చూసి మొనలు కిందికి పొడుచుకొచ్చేలా మేకులు దిగ్గొట్టాడట (బాదితే చెయ్యి చిల్లులు పడుతుందని!), తర్వాత మనసు మార్చుకుని టిల్ట్ కనిపెట్టాడు అని చెప్పుకుంటారు. ఇప్పటి మిషన్ ముందున్న డబ్బుల తలుపు (నాణేలు వేసే చోటు) తీస్తే ఎడమ పక్క కనిపిస్తుంది, ఒక ఇనప ఉంగరం మధ్యలో గంట నాలుకలా వేలాడే బరువు. పెట్టె ఎక్కువ ఊగితే బరువు ఉంగరానికి తగులుతుంది, కరెంటు కలుస్తుంది, స్క్రీన్ మీద డేంజర్ అని వస్తుంది. మామూలు సెట్టింగ్‌లో రెండుసార్లు మందలిస్తుంది, మూడోసారి టిల్ట్. ఫ్లిప్పర్లు చచ్చిపోతాయి, బంతి పోతుంది, ఆ బంతి మీద కూడిన బోనస్ కూడా పోతుంది. మరీ గుద్దితే స్లామ్ టిల్ట్, ఆట మొత్తం గోవింద. అంటే మనిషి కంటే ముందే మిషన్ లోపల ఒక అంపైర్ కూర్చుని ఉన్నాడు. మా అత్తగారికి ఆ రోజు మూడు బంతుల్లో పడింది ఒక్కటే డేంజర్. స్కోరు 4 కోట్ల 12 లక్షలు. అంపైర్ నాటౌట్ అన్నాక స్కోరర్ ఔట్ అంటే దాన్ని ఏమంటారు?

ఎదుటివాళ్ళ మాట కూడా చెప్తా, లేకపోతే అల్లుడి పక్షపాతం అంటారు. మిషన్లు అద్దెవి, కాలు వంగితే డిపాజిట్ పోతుందని మన ట్రెజరర్ గారి భయం, అది న్యాయమే. పన్నెండేళ్ళ పిల్లలు క్యూలో ఉన్నారు, వాళ్ళకి అంత బరువున్న పెట్టెని తోసే బలం లేదు, అదీ నిజమే. అందరికీ తెలియని కిటుకు ఒకరికే తెలిస్తే పోటీ ఏకపక్షమవదా అని ఒకాయన గ్రూపులో రాశారు, ఆయన పొడుగాటి మెసేజ్‌లో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే. టోర్నమెంట్లలో కూడా అన్నీ ఒప్పుకోరు. బంతి అవుట్‌లేన్ దాటి కిందికి పోతుంటే పెట్టెని గట్టిగా గుంజి పైకి ఎగరగొట్టే డెత్ సేవ్, అరచేత్తో ముందుభాగం బాది తెచ్చుకునే బ్యాంగ్‌బ్యాక్, ఇవి రెండూ పెద్ద పోటీల్లో నిషేధం, మిషన్ పాడవుతుంది, మనిషి మణికట్టూ పోతుంది. మామూలు నడ్జ్‌ని మాత్రం ఏ సీరియస్ పోటీలోనూ తప్పు పట్టరు. పోటీ నడిపిన మన కాలేజీ కుర్రాళ్ళకి ఈ తేడా తెలియదు, తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, తెలియకుండా మైకు పట్టుకోవడం మాత్రం తప్పే.

ఇక్కడ నా సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. పోయిన దీపావళి పార్టీలో క్యారమ్స్ ఆడుతూ రెడ్ జేబు అంచున ఆగిపోతే ఎదురుగా ఉన్న కుర్రాడు మోచేత్తో బోర్డుని తగిలించాడు, రెడ్ పడింది. నేను అందరి ముందూ వాడిని కడిగేశాను. వాడు ఈసారి నా దగ్గరికొచ్చి అడిగాడు, "అంకుల్, నేను బోర్డు కదిపితే చీటింగ్, అమ్మమ్మగారు మిషన్ కదిపితే స్కిల్లా?" నేను క్యారమ్ బోర్డుకి టిల్ట్ లేదురా, దాన్ని కదపకూడదనే పెట్టుకుని కూర్చుంటాం, దీన్ని కదపాలనే కట్టారు అని చెప్పాను. వాడు ఒప్పుకున్నట్టు లేదు. నిజం చెప్పాలంటే మా పెద్దనాన్న అదే మోచేతి పని చేస్తే నేను చిన్నప్పుడు చప్పట్లు కొట్టేవాడిని, ఆయన గురించి ఈ రోజుకీ ఆ మాట అననివ్వను. పాత స్కూటర్‌ని ఒక పక్కకి బాగా వంచి కిక్ కొట్టిన నాన్నలు, టీవీ నెత్తిన చరిచి బొమ్మ రప్పించిన అమ్మలు పెంచిన వాళ్ళం మనం. మనకి వస్తువుని కొంచెం తట్టి మాట్లాడించడం అలవాటు. అందులో గౌరవం లేదని ఇక్కడ పుట్టిన పిల్లలు అనుకుంటారు, నాకు మాత్రం అందులో చనువు కనిపిస్తుంది.

1942లో న్యూయార్క్‌లో పిన్‌బాల్‌ని నిషేధించారు, మేయర్ లగార్డియా సుత్తి పట్టుకుని మిషన్లు పగలగొట్టి ఫొటోలు దిగాడు, ఇదంతా అదృష్టం, జూదం అని. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన సిటీ కౌన్సిల్ వాళ్ళ ముందు బంతి ఎక్కడికి పోతుందో ముందే చెప్పి వదిలి చూపించాక గానీ నిషేధం ఎత్తలేదు. చేతిలో పనితనం ఉందని నిరూపించుకోవడానికి ఈ ఆటకి అన్నేళ్ళు పట్టింది, మనం ఐదు నిమిషాల్లో మళ్ళీ మొదటికి తెచ్చాం.

ఉగాదికి అవే మిషన్లు మళ్ళీ తెస్తున్నారని విన్నా. నేను కమిటీని అడిగేది పెద్దదేం కాదు. ముందురోజు డబ్బుల తలుపు తీసి ఆ బరువుని కొంచెం జరిపి టిల్ట్ మీకు నచ్చినంత టైట్‌గా పెట్టుకోండి, నేనొచ్చి పెడతా, స్క్రూడ్రైవర్ కూడా నాదే. కాళ్ళు నేల మీద జారితే ఫౌల్ అనుకుంటే అలాగే, ఒక కాగితం మీద తెలుగులోనూ రాసి అద్దం పక్కన అంటించండి. పిల్లలకి వేరే మిషన్ పెట్టండి, లేదా పోటీ మొదలుపెట్టే ముందు అందరికీ ఐదు నిమిషాలు తోయడం నేర్పిద్దాం, ఏకపక్షం అన్న మాట కూడా ఉండదు. కానీ ఆట అయిపోయి స్కోరు పడ్డాక రూల్ పుట్టించకండి, అదీ మైకులో, అదీ ఇంగ్లీష్ సగమే అర్థమయ్యే పెద్దావిడ మీద.

ప్రైజుగా పెట్టిన వెండి కుంకుమ భరిణె ఎవరింట్లో ఉందో మాకు తెలుసు, వాళ్ళూ బాగానే ఆడారు, అది వెనక్కి అడగట్లేదు. అత్తగారి తిరుగు టికెట్ ఉగాది తర్వాతి వారం. ఈమధ్య బేస్‌మెంట్‌లోకి దిగట్లేదు, అడిగితే మోకాళ్ళ నొప్పులు అంటున్నారు, పైన బెడ్రూముకి మెట్లెక్కడానికి మాత్రం అవి అడ్డం రావట్లేదు. మొన్న రాత్రి నేను కింద ఒక్కడినే ఆడుతూ బంతి పోగొట్టుకుంటే మెట్ల పైనుంచి ఆవిడ గొంతు వినపడింది, "ఆలస్యంగా తోశారు బాబూ."