ఒంగోలు నుంచే సూపర్‌ కంప్యూటర్‌

సూపర్‌ కంప్యూటర్‌ మీద పని నేర్చుకోవాలంటే అది ఉన్న ఊరికి మకాం మార్చనక్కర్లేదు. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్‌ సేవా అయినా, బెంగళూరు ఐఐఎస్సీలోని పరమ్‌ ప్రవేగ అయినా వాడేవారు నెట్‌వర్క్‌ ద్వారా దూరం నుంచే లాగిన్‌ అవుతారు. 2015లో రూ.4,500 కోట్ల అంచనాతో మొదలైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్‌ మిషన్‌ కింద వచ్చిన యంత్రాలివి. ప్రవేగ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్‌, అంటే సెకనుకు 33 కోట్ల కోట్ల లెక్కలు. కాకుటూరులోని విక్రమ సింహపురి, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇది అందని ద్రాక్ష కానే కాదు. విభాగాలు పూనుకోవాలి, అంతే.

పూనుకోవడమంటే ముందుగా ఒక అధ్యాపకుడు బాధ్యత తీసుకోవడం. ఇలాంటి కేంద్రాలు సాధారణంగా విద్యార్థికి నేరుగా ఖాతా ఇవ్వవు. ప్రాజెక్టు బాధ్యుడే దరఖాస్తు పెట్టాలి. ఏ ప్రోగ్రాం నడుపుతారు, ఎన్ని కోర్‌-గంటలు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక భాగం, అంటే ఒక కోర్‌, గంటసేపు చేసే పని) కావాలి, మెమరీ ఎంత, స్టోరేజీ ఎంత అని అడుగుతారు. చిన్న యంత్రం మీద నడిపి కొలిచిన అంకెలు చేతిలో లేకపోతే ఇవన్నీ ఊహించి రాయాల్సిందే. అలాంటి దరఖాస్తు నిలవదు.

ఆ చిన్న యంత్రాన్ని కాలేజీలోనే కట్టుకోవచ్చు. ల్యాబులో పక్కన పడేసిన డెస్క్‌టాప్‌లు ఎనిమిది, గిగాబిట్‌ స్విచ్‌ ఒకటి చాలు. లైనక్స్‌ ఆపరేటింగ్‌ సిస్టం, పనులను క్యూలో పెట్టి యంత్రాలకు పంచే స్లర్మ్‌, ఒకే ప్రోగ్రాంను యంత్రాలన్నీ కలిసి నడిపేలా వాటి మధ్య సందేశాలు చేరవేసే ఓపెన్‌ ఎంపీఐ ఉచితంగానే దొరుకుతాయి. ఇలా కలిపిన యంత్రాల గుంపే క్లస్టర్‌, అందులో ఒక్కో యంత్రం ఒక నోడ్‌. ఒకటి పనులు పంచే హెడ్‌ నోడ్‌, మిగతా ఏడూ లెక్కలు చేసే కంప్యూట్‌ నోడ్లు, అన్నింటికీ ఒకే హోమ్‌ ఫోల్డర్‌. కట్టేటప్పుడు తగిలే ఎదురుదెబ్బలే అసలైన చదువని మా నమ్మకం. నోడ్ల గడియారాల మధ్య నిమిషాల తేడా వస్తే స్లర్మ్‌ తరఫున గుర్తింపు సరిచూసే మంజ్‌ ఒప్పుకోదు. యూజర్‌ ఐడీ నంబరు ఒక్కో నోడ్‌లో ఒక్కోలా ఉంటే సొంత ఫైలే తెరుచుకోదు. ఫైర్‌వాల్‌ అడ్డుంటే ఎంపీఐ ప్రోగ్రాం మొదలైనట్టే కనిపించి అక్కడే ఆగిపోతుంది. కరెంటు సంగతీ చూసుకోవాలి. ఒక్కోటి 150 వాట్లనుకున్నా మొత్తం 1,200 వాట్లు. నెల్లూరు మే ఎండల్లో ఏసీ లేని గదిలో పెడితే ప్రాసెసర్లు వేడెక్కి వేగం తగ్గించుకుంటాయి, కొలతలన్నీ తప్పుతాయి.

లెక్కలకు కొదవ లేదు. 2021 నవంబరులో పెన్నా వరద ఏం చేసిందో నెల్లూరు మరిచిపోలేదు. సోమశిల నుంచి సముద్రం దాకా నేలను 100 మీటర్ల గళ్లుగా విడగొట్టి వరద పారకను లెక్కిస్తే గంట పట్టిందనుకుందాం. ఏ వీధిలోకి నీళ్లొస్తాయో తెలియాలంటే గడి 10 మీటర్లకు తగ్గాలి. అప్పుడు గళ్లు వంద రెట్లవుతాయి. గడి చిన్నదైతే కాలాన్నీ చిన్న ముక్కలుగా తీసుకోవాలి, అది మరో పది రెట్లు. గంట పని వెయ్యి గంటలు, అంటే 41 రోజులు దాటిపోతుంది. వరద అన్నాళ్లు ఆగదు కదా! నేలను ముక్కలు చేసి వందల కోర్లకు పంచేది అందుకే. అయితే ప్రోగ్రాంలో నూటికి 5 వంతులు కోర్లకు పంచే వీల్లేక వరుసగా నడవక తప్పకపోతే, వెయ్యి కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. ఆ 5 వంతులు ఎక్కడున్నాయో వెతికి తగ్గించగల విద్యార్థి ఏ పరిశోధన కేంద్రానికైనా కావాలి.

పెద్ద యంత్రం మీదికి వెళ్లాక కొత్తవారు చేసే పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. లోపలికి వచ్చి పనులు (జాబ్‌లు) పంపడానికే ఉన్న లాగిన్‌ నోడ్‌ మీదే ప్రోగ్రాం నడిపి అందరి పనీ నెమ్మదింపజేస్తారు. సమయం ఎక్కువ అడిగితే క్యూలో వెనకబడతారు, తక్కువ అడిగితే గడువు తీరగానే జాబ్‌ మధ్యలో ఆగిపోతుంది. మధ్యమధ్యలో ఫలితాలు భద్రం చేసే ఏర్పాటు లేకపోతే అంతవరకూ చేసినదంతా వృథా. స్క్రాచ్‌ అనే తాత్కాలిక స్టోరేజీలో వదిలేసిన ఫైళ్లను కొన్నాళ్లకు కేంద్రమే తుడిచేస్తుంది.

మన రాష్ట్రంలో డిగ్రీకీ బీటెక్‌కీ ఇంటర్న్‌షిప్‌ తప్పనిసరి చేశారు. డబ్బు కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్‌ బదులు ఈ క్లస్టర్‌ పనినే ఇంటర్న్‌షిప్‌గా గుర్తించి క్రెడిట్లు ఇవ్వాలి. సైన్స్‌ అకాడమీలు ఉమ్మడిగా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తులు అంతకుముందు ఏడాది చివర్లోనే మొదలవుతాయి. కోర్లు పెంచితే సమయం ఎంత తగ్గిందో చూపే గ్రాఫు అప్పటికి విద్యార్థి చేతిలో ఉండాలంటే, గదినీ బాధ్యుడైన అధ్యాపకుణ్నీ విశ్వవిద్యాలయాలు ఈ సెమిస్టర్‌లోనే తేల్చాలి.