పెద్దపీట ఎవరికి?

ఆఫీసులో ఎవరు ఎంతటివారో తెలియాలంటే తలుపు మీది పేరు చదవక్కర్లేదు, కుర్చీ వీపు ఎంత ఎత్తుందో చూస్తే చాలు. నడుము దాకా వచ్చి ఆగిపోతే గుమాస్తా. భుజాలు అందుకుంటే మేనేజరు. తల దాటి పైకి పోయి, నల్లగా మెరుస్తూ, గుండీలు కుట్టిన పరుపులా ఉబ్బి ఉంటే ఆ కుర్చీ ఖాళీగా ఉందని అర్థం, ఎందుకంటే దాని సొంతదారు ఎప్పుడూ మీటింగులోనో ప్రయాణంలోనో ఉంటాడు. రోజుకు గంట కూర్చునే మనిషికి జానెడు మెత్త, తొమ్మిది గంటలు కదలకుండా లెక్కలు చూసే మనిషికి రెండు వేళ్ల స్పాంజి. పంపకంలో తప్పేమీ లేదు. పెద్దవాళ్ల నడుము మీద సంస్థ భారం ఉంటుంది, చిన్నవాళ్ల నడుము మీద ఉన్నది వాళ్ల సొంత భారమేగా!

ఈ న్యాయాన్ని అమలు చేసేది కొనుగోలు కమిటీ. సభ్యులు దుకాణానికి వెళ్తారు, ఒక్కొక్కరు పావు నిమిషం కూర్చుంటారు, ఒకసారి గిర్రున తిరుగుతారు, బొటనవేలితో సీటు నొక్కి 'మెత్తగా ఉంది' అని తీర్మానిస్తారు. కూర్చోబోయేవాళ్లను వెంట తీసుకెళ్లే దుస్సంప్రదాయం ఎక్కడా లేదు. అయినా కమిటీ వారి సమయం ఇంకో అరగంట దొరికితే, కొన్ని మనవులు.

ముందు కుర్చీని బోర్లా తిప్పండి. కుర్చీ బుద్ధులన్నీ అడుగునే ఉంటాయి. సీటు కింద ఉన్న ఇనుప పెట్టెను మెకానిజం అంటారు. అది మరీ నాసిరకమైతే, వెనక్కి వాలినప్పుడు సీటూ వీపూ ఒకే పలకలా కదులుతాయి. మోకాళ్లు పైకి లేస్తాయి, పాదాలు నేలను వదులుతాయి. ఊయలకు ఆ పద్ధతి బాగుంటుంది. సింక్రో మెకానిజంలో వీపు రెండు పాళ్లు వాలితే సీటు ఒక పాలు వాలుతుంది, అందుకే పాదాలు నేల మీదే నిలుస్తాయి. ఆ పెట్టెకే గుండ్రటి మర ఒకటి ఉంటుంది. వాలేటప్పుడు వీపు ఎంత ఎదురొత్తాలో అది నిర్ణయిస్తుంది. యాభై కిలోల మనిషి వదులు చేసుకోవాలి, తొంభై కిలోల మనిషి బిగించుకోవాలి. చాలా ఆఫీసుల్లో దాన్ని ముట్టుకున్నవాడు ఉండడు. సన్నటివాళ్లు గోడను తోసినట్టు తోస్తుంటారు, లావుపాటివాళ్లు వాలిన ప్రతిసారీ పైకప్పును దర్శిస్తుంటారు, ఇద్దరూ కుర్చీనే తిడుతుంటారు.

మెత్తదనం దగ్గర కమిటీ తప్పకుండా పడే గొయ్యి ఒకటుంది. మెత్తన వేరు, మన్నిక వేరు. ఫోము సాంద్రత ఘనపు మీటరుకు 50 కిలోలకు కాస్త అటూ ఇటూ ఉంటే, పైగా అచ్చులో పోసినదైతే, ఏళ్ల తరబడి ఆకారం నిలుపుకుంటుంది. దిమ్మలోంచి కోసిన తేలికపాటి స్పాంజి మొదటిరోజు దానికన్నా మెత్తగా ఉంటుంది, కొన్నాళ్లకు అప్పడం అవుతుంది. బొటనవేలికి ఈ తేడా తెలియదు, పిరుదులకు తెలుస్తుంది. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. కింద ప్లైవుడ్ తగిలిందంటే అది కుర్చీ కాదు, గుడ్డ కప్పిన బల్ల.

కొలతలు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. సీటు లోతు ఎక్కువైతే పొట్టివాళ్లు ముందుకు జరిగి అంచున కూర్చుంటారు, అప్పుడు నడుము దగ్గర ఒంపు తిప్పి పెట్టిన లంబార్ సపోర్టు వెనకాల నిరుద్యోగిలా నిలబడి ఉంటుంది. సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఏర్పాటు ఉంటే ఈ తంటా ఉండదు. కుర్చీ చేతులు మోచేతి ఎత్తుకు రావాలి. ఇంకా పైకి ఉంటే భుజాలు రోజంతా 'నాకేం తెలుసు' అన్నట్టు ఎగిరి ఉంటాయి. అవి బల్ల కిందికి దూరకపోతే కుర్చీ బల్లకు దగ్గరగా రాదు, మనిషే కొంగలా మెడ చాస్తాడు.

ఈ మధ్య రేసుకారు సీటులాంటి కుర్చీలు వస్తున్నాయి. రెండు పక్కలా రెక్కలుంటాయి. మలుపులో డ్రైవరు పక్కకు జారిపోకుండా ఆపడానికి పుట్టిన రెక్కలవి. ఆఫీసు బల్ల గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగే సందర్భాలు అరుదు కాబట్టి, ఇక్కడ అవి భుజాలను ముందుకు నొక్కే పని చేసిపెడతాయి.

ఇక ఆ మెరిసే నల్లటి 'లెదర్'. గుడ్డ మీద పూసిన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూతకు పెట్టిన గౌరవనామం అది. గాలిలోని తేమ, ఒంటి చెమట ఆ పూతను లోలోపలే విరగ్గొడతాయి. ఏదో ఒక రోజు పొలుసులుగా లేచి, తెల్లచొక్కాల వెనక నల్లటి చుక్కలు పెట్టడం మొదలవుతుంది. వాడినా వాడకపోయినా రాలడం ఖాయం, కాబట్టి పెద్దాయన ఊళ్లో లేకపోవడం వల్ల ఆ కుర్చీకి ఒరిగేదేమీ లేదు. గుడ్డ కప్పినదైతే మార్టిన్‌డేల్ అంకె అడగండి. అది రాపిడి పరీక్షలో ఎన్ని చుట్లకు తట్టుకుందో చెబుతుంది. రోజంతా వాడే కుర్చీకి 30,000 దాటాలి. వలలా అల్లిన మెష్ అయితే పిడికిలితో గట్టిగా నొక్కి వదలండి, వెంటనే బిగువుగా వెనక్కి రావాలి. సీటు కూడా మెష్‌దే అయితే ముందు అంచులోని ఫ్రేము తొడలకు గుచ్చుకుంటోందేమో చూడండి.

ఎత్తు పెంచే గొట్టాన్ని అందరూ హైడ్రాలిక్ అంటారు గానీ లోపల బలం చూపేది నైట్రోజన్ గ్యాస్. సీళ్లు అరిగాయంటే గ్యాస్ మెల్లగా జారుకుంటుంది. పొద్దున ఠీవిగా కూర్చున్న ఉద్యోగి మధ్యాహ్నానికి బల్లకు గడ్డం ఆనిస్తాడు. దీనికి మళ్లీ గ్యాస్ పట్టడం ఉండదు, గొట్టమే మార్చాలి. కొనేటప్పుడే క్లాస్ 4 అడిగితే ఉక్కు మందంగా ఉంటుంది. మార్చడానికి బోల్టులు వెతకొద్దు. పైన మెకానిజంలోకీ కింద కాళ్లలోకీ అది కొనలు సన్నబడి, మేకులా బిగుసుకుని ఉంటుంది. కింద సుత్తితో కొట్టి, పైన పైప్ రెంచితో తిప్పి ఊడదీస్తారు. చాలా కుర్చీలకు గొట్టం వ్యాసం కింద 50 మిల్లీమీటర్లు, పైన 28, కాబట్టి పొడవు ఒక్కటి చూసుకుంటే కొత్తది సరిపోతుంది. పాతదాన్ని కోసి లోపలేముందో చూడాలన్న విజ్ఞానతృష్ణను అణచుకోండి, ఒత్తిడిలో ఉన్న గ్యాస్ అది.

కాళ్లు ఐదుండాలి. నాలుగే ఉంటే రెండు కాళ్ల మధ్య దిశగా వాలినప్పుడు బోర్లాపడే అవకాశం ఎక్కువ. చక్రాలు గట్టి నేలకు మెత్తవి, కార్పెట్‌కు గట్టివి. తిరగేసి కొంటే రాళ్ల నేల మీద గట్టి నైలాన్ చక్రం జారుతుంది, గీతలూ పెడుతుంది. చక్రం మొరాయిస్తే ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసిపడేయండి. కుర్చీ కీచుమంటే మాత్రం అది సీటు కింది బోల్టుల మొర. బిగించేటప్పుడు అన్నిటినీ ముందు వదులుగా ఎక్కించి, ఆ తర్వాత ఎదురెదురుగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే నాలుగోది రంధ్రంలోకి రానంటుంది. నెల తర్వాత మరోసారి బిగించాలి. ఆ నెల ఏ ఆఫీసు క్యాలెండరులోనూ ఉండదు.

అమ్మేవాడు బిఫ్మా అంటాడు. అది అమెరికాలో ఆఫీసు ఫర్నిచర్ తయారీదారుల సంఘం. దాని ఎక్స్5.1 అనే కుర్చీల ప్రమాణంలో ఒక పరీక్షకు సుమారు 57 కిలోల సంచిని సీటు మీద లక్ష సార్లు వదులుతారు. పరీక్ష మంచిదే. కుర్చీ మొత్తం పాసయిందా, గ్యాస్ గొట్టం ఒక్కటేనా అని అడగండి. తర్వాత వారంటీ కాగితం చదవండి. 'ఐదేళ్లు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గుడ్డ, ఫోము, చక్రాలు మినహా అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ మూడూ తీసేస్తే పాడవడానికి మిగిలేది ఏమిటో కమిటీ సభ్యులు తీరిగ్గా చర్చించుకోవచ్చు.

ఇంతా చేసి కుర్చీ కుంగిపోయినా దిగులక్కర్లేదు, పాడైన కుర్చీ ఏ ఆఫీసులోనూ తుక్కులోకి పోదు. గుమాస్తా దాన్ని సెలవులో ఉన్న పక్కవాడి కుర్చీతో మార్చేస్తాడు, పక్కవాడు వచ్చి మరొకరి దానితో మారుస్తాడు. అలా బల్లబల్లకూ దొర్లుతూ, ఒక చక్రం దారిలో పోగొట్టుకుని, చివరికది కిటికీ పక్క మూలకు చేరుతుంది. సోమవారం కొత్తగా చేరబోయే అమ్మాయికి కేటాయించిన చోటు అదే.