గట్టెక్కని హోరు

ఏటిగట్టు వాలులో ఇసుక నింపుకున్న ఒక టిప్పరు ఆగి ఆగి పావుగంటగా గర్జిస్తోంది. ఆ హోరుకు అరటితోటలోని కాకులన్నీ లేచిపోయాయి. చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చూసి నవ్వినవారికి యంత్రశాస్త్రం తెలియదు కనుక, వారి జ్ఞానార్థం ఈ వ్యాసం.

టిప్పరు మా బావమరిదిది. రావులపాలెం చుట్టుపక్కల ఇసుక తోలేవారందరూ క్లచ్చు తొక్కి గేరు మారుస్తుంటే, అతను ఎక్కడినుంచో ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న పాత బండిని వెతికి కొన్నాడు. "ఎడమ కాలికి పనే లేదు బావా" అన్నాడు. కుడి కాలికైనా ఎప్పుడు పని చెప్పాడని అడగబోయి, మా ఆవిడ పక్కనే ఉండడంతో మానేశాను.

అందులో క్లచ్చు ఉండవలసిన చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకదానికే స్విచ్చి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! గాలికి బదులు ఆయిలు అనుకోండి. ఇంజను తిప్పేది పంపు, గేరుబాక్సును తిప్పేది టర్బైను. మధ్యలో స్టేటర్ అనే పెద్దమనిషి కూర్చుని, తిరిగొచ్చే ఆయిలును సరైన దిక్కుకు మళ్లిస్తాడు. ఆయన చలవ వల్లే బండి కదిలే క్షణంలో ఇంజను మెలితిప్పే బలం సుమారు రెట్టింపై అవతలికి అందుతుంది. లాగుతున్నంతసేపూ టర్బైను పంపు కంటే కాస్త వెనకబడే తిరగాలి, లేకపోతే ఆయిలు కదలదు. కాబట్టి జారడం దాని జన్మహక్కు. హద్దు మీరితేనే పేచీ.

దీని మూలపురుషుడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. 1905లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, అదీ ఓడల కోసం. నీటి మీద తేలడానికి పుట్టినదాన్ని ఇసుక మోపి గట్టు ఎక్కమంటే, అది గోదావరి వైపే చూస్తూ మారాం చేయడంలో వింత ఏముంది?

అసలు ఈ జారుడు అర్థం కావడానికి జర్మనీ దాకా పోనవసరం లేదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట ఉండనే ఉంది. పైన తలుపులు ఎత్తగానే కాలువ ఉరకలు వేస్తుంది. దాళ్వా రోజుల్లో శివారు రైతు మాత్రం వంతు నీటి కోసం టార్చిలైటు పట్టుకుని రాత్రంతా గట్టు మీదే ఉంటాడు. నీరు వదిలామని పైవారు అంటారు, రాలేదని ఈయన అంటాడు. ఇద్దరిదీ నిజమే. పంపు తిరిగింది, టర్బైను తిరగలేదు. తేడా ఒక్కటే: కాలువలో తప్పిపోయిన నీరు ఎవరో ఒకరి చేలో తేలుతుంది. కన్వర్టరులో తప్పిపోయిన బలం వేడిగా మారి ఆయిలును ఉడకబెడుతుంది. మెకానిక్కులు కావాలని బండిని కదలనివ్వకుండా ఇంజనును పరీక్షించినా కొద్ది సెకన్లకే కాలు తీసేస్తారు. మావాడు అదే పరీక్ష పావుగంట చేశాడు.

ఈలోగా గట్టు మీద పండిత సభ కొలువుతీరింది. డీజిలులో నీళ్లు కలిశాయని ఒకరు, కొత్త డ్రైవరు కాలు మంచిది కాదని ఒకరు. దిష్టి అని తేల్చినాయన చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు కూడా పెట్టించాడు. గంట తర్వాత చూస్తే నాలుగూ చెక్కుచెదరలేదు. జారుడును కొలవడానికి ఇంతకంటే చవకైన పరికరాన్ని నేను ఎరగను.

చివరికి మెకానిక్కు వచ్చి డిప్‌స్టిక్కు లాగాడు. దానిమ్మ రసంలా ఎర్రగా ఉండవలసిన ఆయిలు మాడిన బెల్లం పాకంలా ఉంది, వాసన కూడా అదే. పక్కనే ఆత్రేయపురం కనుక పూతరేకుల పాకం మాడిందేమోనని నేను ఒకసారి అటు చూశాను కూడా.

"ముందే లాకప్ పోయిందండి" అన్నాడు మెకానిక్కు.

మా బావమరిది ముఖం పాలిపోయింది. చేయి తనంతట తానే ఇసుక రసీదులున్న జేబు మీదికి పోయింది. ఈ లాకప్ పోలీసులది కాదని నచ్చజెప్పడానికి మళ్లీ కాలువకే వెళ్లవలసి వచ్చింది. లాకుల దగ్గర పడవను లోపలికి రానిచ్చి, నీటిమట్టాలు సమానమయ్యాకే అవతలి తలుపు తీస్తారు. ఇక్కడా పంపు, టర్బైను వేగాలు దగ్గరపడ్డాకే లాకప్ క్లచ్చు పలక రెండింటినీ కలిపి బిగిస్తుంది. ఆ తర్వాత జారుడు ఉండదు. ఆ పలక అరిగిపోతే హైవే మీద ఇంజను ఒక వేగం, బండి ఒక వేగం. పైగా గతుకుల మీద పోతున్నట్టు సన్నని వణుకు. మావాడు ఆ వణుకును ఆరు నెలలుగా జాతీయ రహదారి ఖాతాలో రాసి, రోడ్లు వేసినవారిని తిడుతున్నాడు. ఆ వేడికి ఆయిలు మాడింది, అరిగిన పలక పొడి అందులో కలిసి అన్ని మూలలకూ పాకింది, ఇప్పుడు స్టేటర్ పెద్దమనిషి కూడా పట్టు వదిలేశాడు. కన్వర్టర్ మార్చడమే కాదు, ఆయిలు కూలరు కూడా కడగాలట, లేకపోతే పాత పొడి కొత్తదానిలోకి కాపురానికి వస్తుందట.

ఆఖరికి క్లచ్చూ గేర్లూ ఉన్న మామూలు ట్రాక్టరు ఒకటి వచ్చి, తాడు కట్టి టిప్పరును గట్టు మీదికి లాగింది. మావాడు క్యాబిన్‌లో కూర్చుని కుడి కాలు తీయకుండా ఇంజనును గర్జింపజేస్తూనే ఉన్నాడు. పైకి చేరాక ట్రాక్టరు వాడు కిరాయి చెప్పాడు.

"సగమే ఇస్తాను. మిగతా సగం నా బండే లాగింది" అన్నాడు మా బావమరిది.